భువనగిరి బండ నుంచి సోమశిల రేవు దాకా: విద్యార్థులతో సాహస యాత్ర

ఇంటర్, డిగ్రీ చదివే పిల్లలను సాహస యాత్రకు తీసుకెళ్లాలంటే మనాలీకో రిషికేశ్‌కో పోవాలని మన కళాశాలల్లో చాలామంది అనుకుంటారు. నల్లగొండలో ఉన్నవారికి ఆ అవసరం లేదు. బండ ఎక్కడానికి భువనగిరి, అడవిలో నడవడానికి నల్లమల, నీటి మీద తిరగడానికి కృష్ణ వెనుక జలాలు ఒక్కో పూట ప్రయాణంలోనే ఉన్నాయి. చలికాలపు సెలవుల్లో మా విద్యార్థులతో భువనగిరి, నాగార్జునసాగర్, నల్లమలలోని మన్ననూరు, కృష్ణ ఒడ్డున ఉన్న సోమశిల చూసి వచ్చాం. ప్రతిచోటా నేను గమనించింది ఒకటే: అక్కడ పని ఎవరి చేతిలో ఉంది? అన్నీ నిర్వాహకులే చేసిపెట్టే చోట పిల్లలు కేకలు వేసి ఫొటోలు దిగి వస్తారు. తోటివాడి క్షేమం తమ చేతిలో పెట్టిన చోట మాత్రం వాళ్ల తీరే మారుతుంది.

ఆ లెక్కన భువనగిరికే మొదటి స్థానం. పశ్చిమ చాళుక్యుల త్రిభువనమల్ల ఆరవ విక్రమాదిత్యుడి పేరుతో ముడిపడిన ఈ కోట ఒకే ఏకశిల మీద నిలిచి ఉంది. నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా విద్యార్థి ఆనంద్‌కుమార్ పర్వతారోహణలో తొలి పాఠాలు నేర్చుకున్నది ఈ బండ మీదనే. సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదువుకున్న ఈ ఇద్దరూ ఆ తరువాత డార్జిలింగ్‌లో శిక్షణ పొంది, 2014 మే 25న టిబెట్ వైపు నుంచి ఎవరెస్టు శిఖరాన్ని చేరుకున్నారు. అప్పటికి పూర్ణకు ఇంకా పద్నాలుగేళ్లు నిండలేదు. మెట్ల దారి మొదట్లో శిక్షకుడు ఈ సంగతి చెప్పినప్పుడు, గురుకులంలో చదివి వచ్చిన మా పిల్లలు కొందరు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. హిమాలయాల గురించి ఎంత ఉపన్యాసం ఇచ్చినా రాని ఆసక్తి ఆ ఒక్క మాటతో వచ్చింది.

ఎండెక్కితే బండ కాలిపోతుంది కనుక శిక్షణ తెల్లవారుజామునే మొదలవుతుంది. మొదటి గంటసేపు ఎవరినీ బండ ఎక్కనివ్వలేదు. నడుముకు హార్నెస్ (తాడు తగిలించే పట్టీల కట్టు) బిగించుకోవడం, హెల్మెట్ పట్టీ సరిచూసుకోవడం, ఎనిమిది అంకె ఆకారపు ముడి వేయడం, వేసిన ముడిని పక్కవాడి చేత చూపించుకోవడం, ఇదే పని. ఎక్కేవాళ్ల బరువును కింద నిలబడి తాడుతో కాచే పనిని అక్కడ బిలే అంటారు. తాడు ఒక చిన్న లోహపు పరికరంలోంచి వస్తుంది. దాన్ని అదిమి పట్టే చేయి ఎట్టి పరిస్థితిలోనూ తాడును వదలకూడదు. శిక్షకుడు తాడు కొసను తాను పట్టుకుని వెనుక నిలబడ్డాడే తప్ప, అసలు కాపలా పిల్లల చేతనే చేయించాడు. నేను చూసినంతలో ఆయన చేసిన గొప్ప పని అదే.

తరగతిలో హాజరు పిలిస్తే తప్ప గొంతు వినిపించని ఒక అబ్బాయికి ఆ తాడు అందింది. పైన ఉన్నది వాడికంటే పెద్ద తరగతి అమ్మాయి. తాడు మీద వెనక్కి వాలి దిగవలసిన అంచు దగ్గర ఆమె బండను కరుచుకుని కూర్చుండిపోయింది. నున్నటి గ్రానైట్ మీద భయంతో బండకు అతుక్కుంటే కాళ్ల మీద బరువు పడక పాదాలు జారుతాయి. ధైర్యం చేసి వెనక్కి వాలితేనే అరికాళ్లు బండను గట్టిగా అదిమి పట్టు దొరుకుతుంది. ఈ సంగతి పొద్దున అందరూ విన్నదే, కానీ అంచు మీద నిలబడినవాళ్లకు అది గుర్తుండదు. కింది నుంచి ఆ అబ్బాయి, "అక్కా, తాడు నా చేతుల్నే ఉన్నది, ఏం కాదు. కాళ్లు ఎడంగ పెట్టు, ఎనకకు వాలు," అని ఒక్కో అడుగూ చెబుతూ ఆమెను దింపాడు. ఆమెకు ధైర్యం వచ్చిందనడం ఎంత నిజమో, అతనికి అధికారంగా మాట్లాడడం వచ్చిందనడమూ అంతే నిజం. ఆ రోజు దిగనని చెప్పిన మరో ఇద్దరిని శిక్షకుడు బలవంతపెట్టకుండా ముడులు సరిచూసే పనిలో పెట్టడం కూడా నాకు నచ్చింది. ఎగతాళి మొదలైతే శిక్షణ అక్కడితో పోయినట్టే.

సౌకర్యాల మాటకొస్తే, సికింద్రాబాద్ కాజీపేట రైలు మార్గంలో స్టేషన్ ఉండడం వల్ల భువనగిరి చేరడం సులువు, ఊళ్లో భోజనానికి లోటు లేదు. కోట పైన నీడ తక్కువ. తాగునీరు మనమే మోసుకుపోవాలి. ఆడపిల్లలు ఉన్న జట్టయితే మహిళా శిక్షకురాలు ఉంటారా, దుస్తులు మార్చుకునే చోటు ఉందా అన్నది ముందే అడిగి తెలుసుకోవాలి.

నాగార్జునసాగర్‌ను దారిలో చూశాం. 1955 డిసెంబరులో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆనకట్టనూ, 2022లో తెరిచిన బుద్ధవనాన్నీ చూడవలసిందే గాని, మా ఉద్దేశానికి అక్కడ పనేమీ లేదు.

దేవరకొండ, డిండి మీదుగా మన్ననూరు చేరుకున్నాం. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో మన ఇష్టం వచ్చినట్టు నడవడం కుదరదు. అటవీశాఖ అనుమతి, తోడుగా వాళ్లు పంపే మనిషి తప్పనిసరి. మాకు తోడొచ్చిన చెంచు యువకుడు ఎక్కువ మాట్లాడలేదు. తవ్వి ఉన్న ఒక చెదపుట్ట దగ్గర ఆగి, గోళ్ల గాట్లు చూపించి, ఎలుగుబంటి రాత్రే వచ్చిపోయిందని చెప్పాడు. అప్పటిదాకా వినపడిన ఫోన్ల పాటలు వాటంతటవే ఆగిపోయాయి. ఇక్కడ మేము రోజుకొక విద్యార్థి జట్టుకు నాయకత్వం వహించే పద్ధతి పాటించాం. సాహస విద్యకు పేరున్న విదేశీ సంస్థల్లో ఇది పాత అలవాటే. 1941లో వేల్స్‌లోని అబర్‌డవీలో విద్యావేత్త కుర్ట్ హాన్ ఔట్‌వర్డ్ బౌండ్ అనే తొలి సాహస శిక్షణ పాఠశాల ప్రారంభించినప్పుడు, యువ నావికుల్లో కండబలంతో పాటు తమ మీద తమకు నమ్మకాన్ని కూడా పెంచాలన్నదే ఉద్దేశం. మా జట్టుకు ఆ పూట నాయకురాలైన అమ్మాయి, ఒకరి కాలికి బొబ్బలు లేచి నడక మందగించడంతో, ఎత్తు మీది వ్యూ పాయింట్ చూడకుండానే అందరినీ వెనక్కి తిప్పింది. కొందరు సణిగారు, ఆమె వినలేదు. మేము పెద్దవాళ్లం నోరు మెదపకుండా ఉండడమే ఆ పూట అన్నిటికంటే కష్టమైన పని.

మన్ననూరులో అటవీశాఖ బస సాదాగా, శుభ్రంగా ఉంది. విలాసం కోరేవారికి అది నప్పదు. వర్షాకాలంలో సఫారీ ఆపేస్తారు. శ్రీశైలం దారిలో అటవీ గేట్లు రాత్రి తొమ్మిదింటికి మూసి, తెల్లవారి ఆరింటికి తెరుస్తారు కనుక ప్రయాణ వేళలు అందుకు తగ్గట్టు పెట్టుకోవాలి.

మధ్యలో ఒక ప్రైవేటు సాహస క్రీడల స్థలంలో కూడా ఆగాం. జిప్‌లైన్ పొడవు బాగానే ఉంది, కానీ హార్నెస్ కుట్లు పోగులుగా ఊడిపోతున్నాయి. పరికరాలను ఎప్పుడు కొన్నారు, చివరిసారి ఎప్పుడు తనిఖీ చేశారు అని అడిగితే చూపించడానికి పుస్తకం లేదు. ప్రథమ చికిత్స పెట్టె తాళం ఎవరి దగ్గరుందో అక్కడ ఎవరికీ తెలియదు. కట్టిన డబ్బులో సగమే తిరిగిచ్చారు. అయినా నేను పిల్లలను ఎక్కనివ్వలేదు. దానికి నాకు బాధ లేదు. పరికరాలు బాగున్నా, కొక్కెం తగిలించి తోస్తే అవతలి గట్టు చేరే ఆటలో విద్యార్థి తీసుకోవలసిన నిర్ణయం ఒక్కటీ లేదు.

సోమశిలలో కృష్ణ అందం గురించి చెప్పేదేముంది! శ్రీశైలం జలాశయంలో నీటిమట్టాన్ని బట్టి రేవు కూడా జరుగుతుంటుంది. 2007లో కొల్లాపూర్ ప్రాంతంలోనే మంచాలకట్ట దగ్గర పడవ మునిగి ఎందరో చనిపోయారు. అందువల్ల లైఫ్ జాకెట్ పట్టీలు అందరికీ బిగించాకే పడవ కదలాలని మా జట్టుకు ఆ రోజు నాయకుడైన విద్యార్థి పట్టుబట్టాడు. పడవవాళ్లు కొంచెం విసుక్కున్నా కాదనలేదు. పర్యాటక శాఖ కాటేజీలు నది పక్కనే ఉండడం పెద్ద సౌకర్యం, భోజనం మాత్రం చెప్పిన వేళకు రాలేదు. పడవ షికారులో పిల్లలకు పని లేదు, కూర్చోవడమే. మళ్లీ ఏర్పాటు చేస్తే సోమశిల రాత్రిని తీసేసి ఆ పూటను కూడా భువనగిరికే ఇస్తాను. మొదటి రోజు ఎక్కినవాళ్లు రెండో రోజు కొత్తవాళ్లకు ముడులు నేర్పడానికి అప్పుడు వీలుంటుంది.