‘పేమెంట్ సక్సెస్’ స్క్రీన్ చూపించి నా షిమానో 105 సైకిల్ షిఫ్టర్లు పట్టుకుపోయాడు. అమ్మేవాళ్ళు, కొనేవాళ్ళు జాగ్రత్త

హైదరాబాద్‌లో ఎవరైనా షిమానో 105 ఆర్7000 షిఫ్టర్ల (సైకిల్ గేర్లు మార్చే, బ్రేకులు నొక్కే లీవర్ల) జత, వెనక డీరైలర్ (చైన్‌ని గేర్ల మీద జరిపే పార్టు) కలిపి ఇస్తానంటే కొనకండి. అవి నావి. నిన్న సాయంత్రం ఒకడు పైసా కట్టకుండా తీసుకుపోయాడు.

డిస్క్ బ్రేకుల ఫ్రేమ్‌కి మారాక పాత రిమ్ బ్రేకు సెట్ మిగిలిపోయింది. మనందరం వాడే సెకండ్ హ్యాండ్ యాప్‌లోనే ఫొటోలు పెట్టి 14 వేలు అన్నాను. వీడు మెసేజ్ పెట్టాడు. కేబుళ్ళు ఎప్పుడు మార్చారు, ఇన్నాళ్ళూ వెనక చక్రానికి 28 పళ్ళ క్యాసెట్‌తో (గేర్ల సెట్‌తో) నడిపారా 30తోనా అని అడిగాడు. సైకిల్ తెలియనివాడు అడిగే ప్రశ్నలు కావు అవి. నార్సింగి దగ్గర సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ మొదట్లో కలుద్దామన్నాడు, జెర్సీ వేసుకుని మరీ వచ్చాడు.

లీవర్ నొక్కి, క్లిక్ విని, తల ఊపాడు. నా క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి ఫోన్ నా ముఖం ముందు పెట్టాడు. ఆకుపచ్చ టిక్కు, నా పూర్తి పేరు, 14,000, టైము, టింగుమని శబ్దం. నా ఫోన్‌కి మాత్రం ఏమీ రాలేదు. "ఇంకా క్రెడిట్ అవ్వలేదు తమ్ముడూ, కాసేపు ఆగుదాం" అన్నాను. వాడు ముఖం చిన్నబుచ్చుకున్నాడు. "సర్వర్ డౌన్ ఉందన్నా. నా అకౌంట్ల పైసలు కట్ అయినయ్, చూడు. మనం మనం సైకిలోళ్ళం, నా మీద నమ్మకం లేదా?"

ఆ మాటే నాకు ఇప్పటికీ మింగుడుపడటం లేదు. దారిలో పంక్చరైతే పేరు కూడా అడక్కుండా తన స్పేర్ ట్యూబ్ తీసి ఇచ్చేసే మనుషులు మనవాళ్ళు. ఆ సంగతి వాడికి బాగా తెలుసు. తెలిసే ఆ మాట అన్నాడు. సంచి తీసుకుని, నాకు చెయ్యి కలిపి, "ఆదివారం రైడ్‌ల కలుద్దామన్నా" అని చెప్పి వెళ్ళాడు.

రాత్రి ఫోన్ చేస్తే గొంతే మారిపోయింది. "పంపిన కదా, పోయి నీ బ్యాంకును అడుక్కో. ఇంకోసారి చేస్తే బాగుండదు" అని పెట్టేశాడు. ఆ తర్వాత బ్లాక్. ఈ పొద్దున ఒక స్నేహితుడు లింక్ పంపాడు: అవే పార్టులు, వేరే పేరుతో, 17 వేలకు. ఫొటోలు కూడా నేను తీసినవే, కింద పరిచిన మా ఇంటి గళ్ళ దుప్పటితో సహా. ఎడమ షిఫ్టర్‌ని చేత్తో పట్టుకునే చోట ఉండే హుడ్ రబ్బరుకి లోపలి వైపు గోరంత చీలిక ఉంటుంది, గమ్‌తో అంటించాను. గుర్తుపట్టాలంటే అది చూడండి.

వాడు చూపించింది అసలు యూపీఐ యాపే కాదు. క్యూఆర్‌లోంచి మన పేరు చదివి, కొట్టిన అంకెతో ‘సక్సెస్’ అని బొమ్మ చూపించే దొంగ యాప్. ఇక ఇలాంటివాళ్ళు చెప్పే ‘కట్ అయింది, రేపటికల్లా వస్తుంది’ అనే మాట సంగతి. నిజంగానే డబ్బు అక్కడ కట్ అయి ఇక్కడ పడకపోతే, మరుసటి రోజుకల్లా తిరిగి పంపినవాడి ఖాతాలోనే వేసెయ్యాలని రిజర్వ్ బ్యాంకు 2019లోనే రూలు పెట్టింది. అంటే సర్వర్ కథ నిజమైనా సరే, వస్తువు ఇవ్వడానికి అది కారణం కాదు. వాడి అకౌంట్ వాడిది. మనం చూడాల్సింది మన బ్యాంకు బ్యాలెన్స్ ఒక్కటే.

సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశాను. చాట్, నంబరు, కొత్త ప్రకటన స్క్రీన్‌షాట్లు అన్నీ పెట్టి స్టేషన్‌లోనూ ఫిర్యాదు ఇచ్చాను. ఇది భారతీయ న్యాయ సంహిత 318 కింద మోసం. 14 వేలే కదా అని వదిలేస్తే రేపు ఇంకొకరి వీల్‌సెట్ పోతుంది.

అమ్మేవాళ్ళకు: బ్యాలెన్స్ మీ యాప్‌లో మీరే తెరిచి చూసుకున్నాకే సంచి చేతికివ్వండి. లేదంటే క్యాష్ అడగండి, మొహమాటం వద్దు. మామూలు 10 అంకెల నంబరు నుంచి ‘క్రెడిటెడ్’ అని మెసేజ్ వస్తే అది బ్యాంకుది కాదు. డబ్బు రావడానికి పిన్ కొట్టనక్కర్లేదు, ఎదుటివాడి క్యూఆర్ స్కాన్ చెయ్యనక్కర్లేదు. వేరే ఊరికి పంపాలంటే డబ్బు పడ్డాకే కొరియర్.

కొనేవాళ్ళకు: పార్టు పక్కన ఆ రోజు తేదీ రాసిన కాగితం పెట్టి కొత్త ఫొటో పంపమనండి. వీడి ప్రకటన కింద నేను అదే అడిగాను, వెంటనే నా కామెంట్ తీసేశాడు.