మూడు హోస్టింగులు మారాక తేలిన లెక్క

తొమ్మిదేళ్లుగా ఒక తెలుగు సైటు నడుపుతున్నాను. కథలు, వ్యాసాలు, పాఠకులు పంపిన జ్ఞాపకాలు కలిపి రెండు వేలకు పైగా పేజీలున్నాయి. వాటిలో చాలావాటికి ఇంకెక్కడా ప్రతి లేదు. రాసినవాళ్లలో కొందరు ఇప్పుడు లేరు కూడా. అందుకే సైటు ఎక్కడ పెట్టాలన్న విషయంలో నేను రాజీ పడలేను.

సైట్లను తమ సర్వర్ల (ఎప్పుడూ నెట్‌లో ఉండే కంప్యూటర్ల) మీద ఉంచేవి హోస్టింగ్ కంపెనీలు. ఈ తొమ్మిదేళ్లలో అలాంటివి రెండు వదిలి మూడో దాంట్లోకి వచ్చాను. ఇక్కడికొచ్చి ఐదేళ్లు దాటింది. పేర్లు చెప్పను. ఒకే కంపెనీలో ఒక ప్లాన్ బాగుండి ఇంకోటి బాగోకపోవచ్చు. ఒకే ప్లాన్‌లో మీ సర్వర్ చురుగ్గా ఉండి, పక్క సర్వర్ ఈడుస్తూ ఉండొచ్చు. పైగా హోస్టింగ్ గురించి నెట్‌లో కనిపించే 'టాప్ 10' జాబితాల్లో చాలావాటి వెనక కమీషన్ ఉంటుంది. ఆ లింకు నొక్కి ఎవరైనా కొంటే రాసినవాళ్లకు వాటా వస్తుంది. నాకు ఎవరి నుంచీ ఏమీ రాదు, అందుకే వాడకంలో చూసింది చూసినట్టు రాస్తున్నాను.

మొదటి కంపెనీలో చేరింది రేటు చూసి. మొదటి ఏడాది చాలా చవక, అన్నీ అన్‌లిమిటెడ్. రెండో ఏడాది రెన్యూవల్ బిల్లు దాదాపు మూడింతలు వచ్చింది. ఆ రేటు వాళ్ల పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది, నేనే చూడలేదు. డబ్బు సంగతి అలా ఉంచితే, 'అన్‌లిమిటెడ్' అన్న మాట దగ్గర అంతకంటే ఎక్కువ దెబ్బ తిన్నాను. షేర్డ్ హోస్టింగ్‌లో ఒకే సర్వర్ మీద వందల సైట్లు ఉంటాయి. ప్రాసెసర్, మెమరీ అందరికీ పంచాల్సిందే కాబట్టి ఎవరి వాటాకైనా హద్దు ఉంటుంది. డిస్కు స్థలానికి హద్దు లేదన్నారు, కానీ ఐనోడ్‌లకు ఉంది. ఒక్కో ఫైలు, ఒక్కో ఫోల్డరు ఒక్కో ఐనోడ్ కింద లెక్క. ఒక ఫోటో ఎక్కిస్తే, నా సైటు నడిచే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్ దాన్ని నాలుగైదు సైజుల్లో విడివిడి ఫైళ్లుగా దాస్తుంది. మెయిల్‌బాక్స్‌లో ఉన్న ఒక్కో ఉత్తరమూ సాధారణంగా ఒక ఫైలే. స్థలం ఇంకా బోలెడు ఉండగానే నా ఐనోడ్‌లు పరిమితి దాటాయి. దాటిన ఖాతాలకు రోజువారీ బ్యాకప్ ఆపేస్తామని షరతుల్లో రాసి ఉంది. ఆపారు కూడా. నాలుగు నెలల పాటు బ్యాకప్ లేకుండా నడిపానని ఆ తర్వాతెప్పుడో తెలిసింది.

అక్కడి నుంచి బయటికి రావాలని నిర్ణయించుకున్న రోజు బాగా గుర్తుంది. ఒక పెద్దావిడ రాసిన కథ ఫోన్ గ్రూపుల్లో చేతులు మారుతూ వెళ్లింది. సాయంత్రానికి సైటు తెరిస్తే తెల్లటి పేజీ మీద 508 అన్న అంకె, 'రిసోర్స్ లిమిట్ ఈజ్ రీచ్డ్' అన్న ఒక్క లైను. చాట్‌లో కూర్చుంటే నలభై నిమిషాలకు జవాబొచ్చింది: పెద్ద ప్లాన్ తీసుకోండి. ఈలోగా ఆవిడే ఫోన్ చేశారు. "ఏమ్మా, నా కథ తీసేశావా?" అని అడిగారు. లేదండీ, సర్వర్ సమస్య అని చెప్పాను కానీ, జీవితంలో మొదటిసారి అచ్చయిన కథను పదిమందీ చదవబోయే పూట అది తెరుచుకోకపోతే ఆ మనిషికి ఎలా ఉంటుందో నాకు అర్థమైంది.

రెండో కంపెనీలో వేగం బాగుండేది. సపోర్టువాళ్లు మర్యాదగా మాట్లాడేవాళ్లు. 99.9 శాతం అప్‌టైమ్ (సైటు తెరుచుకునే సమయం) గ్యారంటీ ఇచ్చారు, దాదాపు నిలబెట్టుకున్నారు కూడా. ఈ అంకెను కొంచెం విప్పి చూడాలి. 99.9 శాతం అంటే 30 రోజుల నెలలో 43 నిమిషాలు, ఏడాదికి 8 గంటల 45 నిమిషాలు సైటు పడిపోయినా వాళ్లు మాట తప్పినట్టు కాదు. చాలా ఒప్పందాల్లో ముందే చెప్పి చేసే మెయింటెనెన్స్‌ను ఇందులో లెక్కవేయరు. మాట తప్పితే దక్కేది కూడా తర్వాతి బిల్లులో కొంత తగ్గింపే. కాబట్టి ఆ అంకెను చూసి కంపెనీని ఎంచుకోవడం నేను మానేశాను. ఐదు నిమిషాలకోసారి బయటి నుంచి సైటును తట్టి చూసే మానిటరింగ్ సర్వీసు ఒకటి పెట్టుకున్నాను. నా చేతిలో ఉన్న ఆ చిట్టానే నమ్ముతాను.

రెండో చోట పోయింది డిస్కు. డిస్కులు పోవడం మామూలే, అందుకు ఎవరినీ తప్పు పట్టను. కానీ వాళ్లు తిరిగి పెట్టిన బ్యాకప్ పదకొండు రోజుల పాతది. మధ్యలో వేసిన పద్నాలుగు రచనలు లేవు. వారం పాటు రాసినవాళ్లందరికీ మెయిళ్లు పెట్టి, ఫోన్లు చేసి పన్నెండు సంపాదించాను. రెండు దొరకలేదు. బ్యాకప్ 'ఉంది' అని వినగానే మనం నిశ్చింతగా ఉంటాం. ఎప్పటిది, ఎక్కడుంది, తిరిగి పెట్టి చూశారా అని అడగం. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే హోస్టింగ్ కంపెనీ డేటా సెంటర్ కాలిపోయినప్పుడు, బ్యాకప్ కూడా అదే ఆవరణలో ఉంచుకున్న కస్టమర్లలో కొందరికి రెండూ పోయాయి. 2017 జనవరి 31న, ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేస్‌నే చెరిపేస్తే, తాము పెట్టుకున్న ఐదు రకాల బ్యాకప్ పద్ధతుల్లో ఒక్కటీ సరిగా పనిచేయడం లేదని అప్పుడు తేలినట్టు ఆ సంస్థే బయటపెట్టింది. అంతంత వాళ్లకే అలా జరిగితే, షేర్డ్ ప్లాన్ తీసుకున్న మనం ఎంత జాగ్రత్తగా ఉండాలి?

అందుకని మూడో కంపెనీని వెతికేటప్పుడు ప్లాన్ల పట్టిక పక్కన పెట్టాను. ఏడెనిమిది కంపెనీలకు, కావాలనే సెలవు రోజు అర్ధరాత్రి, ఒకే మెయిల్ పంపాను. బ్యాకప్ ఏ ఊళ్లో ఉంచుతారు, సర్వర్ ఉన్న ఊళ్లోనేనా? ఎన్ని రోజులవి ఉంచుతారు? రీస్టోర్ నేనే చేసుకోవచ్చా, దానికి విడిగా డబ్బు తీసుకుంటారా? ఐనోడ్ పరిమితి ఎంత? రేపు మిమ్మల్ని వదిలి వెళ్లాలంటే మొత్తం ఖాతా, డేటాబేస్‌తో సహా ఒక్క ఫైలుగా దింపుకోవచ్చా? చివరి ప్రశ్నకు నేరుగా జవాబిచ్చినవాళ్లు ఇద్దరే. వాళ్లలో ఒకరి దగ్గర ముందు నెలవారీ ప్లాన్ తీసుకున్నాను. మూడేళ్లకు ఒకేసారి కడితే తగ్గింపు ఇస్తామన్నా తీసుకోలేదు.

మారడం కూడా అంత తేలిగ్గా జరగలేదు. డొమైన్ (సైటు చిరునామా) రెండో కంపెనీ దగ్గరే ఉండటంతో, బదిలీ కోడ్ కోసం వాళ్ల వెంట పడాల్సి వచ్చింది. అప్పటి నుంచి డొమైన్ ఒక చోట, హోస్టింగ్ ఇంకో చోట ఉంచుతున్నాను. హోస్ట్‌తో తేడా వచ్చినా చిరునామా నా చేతిలో ఉంటుంది. ఏ చిరునామా ఏ సర్వర్‌దో చెప్పేది డీఎన్ఎస్, ఆ జవాబును ఎంతసేపు గుర్తుంచుకోవాలో చెప్పేది టీటీఎల్. మార్పుకు ఒక రోజు ముందే ఆ టీటీఎల్‌ను 86400 సెకన్ల నుంచి 300కి తగ్గించి పెట్టాను కాబట్టి, పాఠకుల్లో చాలామందికి నిమిషాల్లోనే కొత్త సర్వర్ అందింది.

ఆ వారంలో అసలు టెన్షన్ మాత్రం వేరే. కొత్త సర్వర్‌లో టెస్ట్ లింకు తెరిస్తే ఒక్క తెలుగు అక్షరం లేదు. నెత్తిన గీత ఉన్న లాటిన్ అక్షరం, పక్కన డిగ్రీ గుర్తు, ఇంకేదో గుర్తు, మళ్లీ అదే అక్షరం. శీర్షికలన్నీ అంతే. గుండె ఆగినంత పనైంది. టికెట్ (ఆన్‌లైన్ ఫిర్యాదు) పెడితే పావుగంటలో ఒక ఇంజినీరు రాశారు: "కంగారు పడకండి, ఇవి ప్రశ్నార్థకాలు కావు కదా. ప్రశ్నార్థకాలుగా మారి సేవ్ అయితే అక్షరం పోయినట్టే. ఇలా కనిపిస్తే బైట్లు లోపల భద్రంగా ఉన్నట్టు." పాత డేటాబేస్‌లో టేబుళ్ల మీద లాటిన్-1 (ఇంగ్లీషు వంటి భాషల అక్షరాలను దాచే పద్ధతి) అన్న ముద్ర ఉంది, లోపల ఉన్నవి మాత్రం యూటీఎఫ్-8 (అన్ని భాషల అక్షరాలనూ దాచే పద్ధతి) బైట్లు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి. 'స్త్రీ' అని రాస్తే సకారం, తకారం, రేఫ, రెండు పొల్లులు, ఈకారం కలిపి ఆరు సంకేతాలు, 18 బైట్లు. ఆ మూడేసి బైట్లను మూడు లాటిన్ అక్షరాలుగా చదవడంతో అలా కనిపించాయి. పాత సర్వర్ నుంచి లాటిన్-1గానే దింపి, డేటాబేస్‌లో పూర్తి యూటీఎఫ్-8కి పేరైన యూటీఎఫ్-8 ఎంబీ4 అని ముద్ర మార్చి ఎక్కించారు. సాయంత్రానికి ఒత్తులతో సహా అన్నీ వచ్చేశాయి. తెలుగు సైటు నడిపేవాళ్లు మారేటప్పుడు పాత డేటాబేస్‌ను ముట్టుకోకుండా కనీసం రెండు నెలలు అలాగే ఉంచండి.

ఈ ఐదేళ్లలో ఇబ్బందులు లేకపోలేదు. ఇక్కడ ఫోన్ సపోర్టు లేదు. వారాంతాల్లో టికెట్‌కు జవాబు ఆలస్యమవుతుంది. గంటకు ఇన్నే మెయిళ్లు పంపాలన్న పరిమితి ఉంది, పైగా ఐపీ చిరునామా పక్క సైట్లతో పంచుకునేది కావడంతో నా మెయిళ్లు స్పామ్‌లోకి పోయేవి. మెయిల్‌ను వేరే సర్వీసుకు మార్చుకోక తప్పలేదు. మొదటి కంపెనీ రెన్యూవల్ రేటు కంటే ఇక్కడ కట్టేదే ఎక్కువ. సైటుకూ పాఠకుడికీ మధ్య సమాచారాన్ని ఇతరులు చదవకుండా కాపాడే ఎస్ఎస్ఎల్‌కు మాత్రం పైసా తీసుకోరు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఉచితంగా ఇచ్చే సర్టిఫికెట్‌ను గడువు తీరకముందే వాళ్ల సిస్టమే మారుస్తుంది. 2022 నవంబరులో, వర్డ్‌ప్రెస్‌ను రాసిన ప్రోగ్రామింగ్ భాష పీహెచ్‌పీ 7.4 వెర్షన్‌కు మద్దతు గడువు ముగియబోతుంటే నెలల ముందు నుంచే మెయిళ్లు పెట్టారు, సైటు కాపీ మీద కొత్త వెర్షన్ పరీక్షించుకునే వీలిచ్చారు. పాత ప్లగిన్ (సైటుకు తగిలించే అదనపు సాఫ్ట్‌వేర్) ఒకటి పనిచేయదని నాకు అక్కడే తెలిసింది, పాఠకుల దాకా రాలేదు.

రెండేళ్ల కిందట ఫైల్ మేనేజర్‌లో ఒక ఏడాది ఫోటోల ఫోల్డరు మొత్తం పొరపాటున డిలీట్ చేశాను. ప్యానెల్‌లో ముందు రాత్రి బ్యాకప్ ఎంచుకుని, ఆ ఒక్క ఫోల్డరే తిరిగి పెట్టుకున్నాను. ఇరవై నిమిషాలు పట్టింది, ఎవరినీ అడగాల్సిన పని పడలేదు. ఆ ఒక్క బటన్ కోసమే మిగతా ఇబ్బందులన్నీ భరిస్తున్నాను.

ఈ నెలలో మళ్లీ రెన్యూ చేశాను, ఒక్క ఏడాదికే. ప్రతి నెలా మొదటి తేదీన పూర్తి బ్యాకప్ నా కంప్యూటర్‌లోకి దింపి, అక్కడ సైటు తెరిచి చూస్తాను. ముందుగా తెరిచేది ఆ పెద్దావిడ కథ. మొన్న ఒకటో తేదీనా తెరిచాను, చివరి వాక్యం దాకా ఉంది.