అద్దెల కోసం కొంటే ఫ్లాటా, పోర్షన్ల ఇల్లా?

హైదరాబాద్‌లో అద్దెల కోసం కొనేవాళ్లందరిదీ ఇదే టెన్షన్: కాస్త మంచి ఏరియాలో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు కొనాలా, అదే డబ్బుతో ఊరి చివర మూడు పోర్షన్ల ఇల్లు కొనాలా?

ఖర్చు: ఫ్లాటు ఖాళీగా ఉన్నా మెయింటెనెన్స్ ఓనరే కట్టాలి. ఇంటికి ఆ బాధ లేదు, కానీ బోరు మోటారు కాలినా స్లాబు కారినా మొత్తం మీ జేబులోంచే.

శ్రమ: ఫ్లాటే నయం. వాచ్‌మన్, లిఫ్టు, నీళ్ల ట్యాంకర్లు అసోసియేషన్ చూసుకుంటుంది. పోర్షన్లకి ఒకే కరెంటు మీటరుంటే మాత్రం నెలనెలా పంచాయితీ, పైగా యూనిట్లన్నీ ఒకే బిల్లులో కలిసి ఎక్కువ రేటుండే శ్లాబులోకి పోతాయి కాబట్టి ఒక్కో పోర్షన్‌కి విడిగా మీటరు పెట్టించండి.

రిస్క్: ఫ్లాటు ఖాళీ అయితే అద్దె సున్నా. పోర్షన్ల ఇంట్లో ఒకరు వెళ్లినా ఇద్దరి అద్దె వస్తుంది. పైగా స్థలం పూర్తిగా మీదే, ఫ్లాటులో అయితే అవిభాజ్య వాటా (మిగతా ఓనర్లతో కలిసి ఉండే, విడదీయలేని స్థలం వాటా) మాత్రమే.

ట్యాక్స్ తేడా లేదు: కట్టిన ఇంటిపన్ను పోగా మిగిలిన అద్దెలో 30 శాతం మినహాయింపు.

అమెరికాలో ఉంటూ కొనేవాళ్లకి ఫ్లాటే (ఎన్నారై ఓనరైతే అద్దెకున్నవాళ్లు టీడీఎస్, అంటే అద్దెలోంచి ముందే ట్యాక్స్ కోసి ప్రభుత్వానికి కట్టాలి, ముందే చెప్పండి). ఊళ్లోనే ఉండి, ఒక పోర్షన్‌లో మీరే ఉండగలిగితే ఇల్లు తీసుకోండి. పర్మిషన్ లేని పై అంతస్తుంటే మాత్రం ఎంత చవకైనా వద్దు.