ఆపరేషన్ బల్ల మీదే కరెంటా, ఆరు వారాల కరెంటా?

హిందూపురం నుంచి పెదనాన్నను మెదడులో గడ్డతో బెంగళూరు తీసుకొచ్చినప్పుడు ఆయన మొదట అడిగింది ఇదే: "గడ్డ తీసేటప్పుడే కరెంటు (రేడియేషన్) కూడా పెట్టేస్తారంట కదరా, మళ్లీ ఆరు వారాలు ఈ ఊళ్లో ఎందుకు?" నిమ్హాన్స్, కిద్వాయి ఆసుపత్రుల చుట్టుపక్కల గదులు తీసుకుని ఉండే మన అనంతపురం, కర్నూలు వాళ్లకూ ఇదే ఆశ.

ఆశ పడటంలో తప్పు లేదు. గ్లియోబ్లాస్టోమా అనే ఈ రకం మెదడు క్యాన్సర్ గడ్డ మళ్లీ వచ్చేది ఎక్కువగా గడ్డ తీసిన గుంత అంచుల్లోనే, రెండు సెంటీమీటర్ల లోపే. మామూలు కరెంటు మొదలవ్వాలంటే కోత మానాలి, అందుకు కొన్ని వారాలు పడుతుంది. ఆ లోపల మిగిలిన కణాలు ఊరుకోవు. బల్ల మీదైతే గుంతలోకి గుండ్రటి అప్లికేటర్ దించి, 50 కిలోవోల్టుల ఎక్స్-రేతో ఒకేసారి 20 నుంచి 30 గ్రే (కరెంటు డోసును కొలిచే లెక్క) ఇస్తారు. కొద్ది మిల్లీమీటర్లు దాటేసరికి డోసు బాగా తగ్గిపోతుంది కాబట్టి చుట్టూ ఉన్న మంచి మెదడుకు దెబ్బ తక్కువ.

దాని లోటు కూడా అదే. ఈ గడ్డ కణాలు వేళ్లలా అంతకంటే దూరం పాకి ఉంటాయి. అందుకే ఇంట్రాగో అనే వైద్య ప్రయోగంలో (ట్రయల్‌లో) బల్ల మీద కరెంటు పెట్టించుకున్నవాళ్లకు కూడా తర్వాత 60 గ్రే మామూలుగానే ఇచ్చారు. అంటే ఇది ఆరు వారాలకు బదులు కాదు, దాని పైన అదనం. కొందరికి ఆ చోట మెదడు కణజాలం చచ్చిపోయే ఇబ్బందీ వస్తుంది. కంటి నరం దగ్గర గడ్డ ఉంటే అసలు కుదరకపోవచ్చు. పైగా పూర్తి బయాప్సీ రిపోర్టు రాకముందే, ఆపరేషన్ మధ్యలో వచ్చే తొందర రిపోర్టును నమ్మి నిర్ణయించాలి.

ఆరు వారాల పద్ధతికి గట్టి రుజువుంది. 30 సిట్టింగులతో పాటు టెమోజోలమైడ్ అనే కీమో మాత్రలు కూడా ఇస్తే రెండేళ్లు దాటినవాళ్లు నూటికి 10 మంది నుంచి 26 మందికి పెరిగారని 2005లో తేలింది. అందుకే నా ఓటు దీనికే. బల్ల మీద కరెంటు ట్రయల్‌లో భాగంగా దొరికితే, డాక్టరు గడ్డ ఉన్న చోటు చూసి సరేనంటే, అప్పుడు ఆలోచించాలి.

ఆరు వారాలు ఉండలేని పెద్దవాళ్లకు వేరే దారి ఉంది: 15 సిట్టింగుల్లో 40 గ్రే, మూడు వారాలు. 65 దాటినవాళ్లకు దీనికి మాత్రలు కలిపితే మేలని 2017లో వచ్చిన ఫలితాలు చెప్పాయి. పెదనాన్నకు 71 ఏళ్లు. డాక్టరమ్మ ఇదే చెప్పింది. గది అద్దె కూడా మూడు వారాలకే మాట్లాడుకున్నాం.