రా సెన్సర్లలో బ్లాక్ లెవెల్ కంట్రోల్: ఏళ్లుగా వాడాక చెబుతున్నది

ఐఎంఎక్స్ 477 సెన్సర్ ఉన్న రాస్‌బెర్రీ పై హెచ్‌క్యూ కెమెరాతో కొన్నేళ్లుగా రా (raw) ఫొటోలు, అంటే సెన్సర్ ఇచ్చిన అంకెలను సవరించకుండా దాచే ఫొటోలు, తీస్తున్నాను. నీడల నాణ్యత విషయంలో నాకు అన్నిటికన్నా ఎక్కువ తేడా చూపించింది బ్లాక్ లెవెలే.

వెలుగు అస్సలు పడకపోయినా రా ఫైల్లో సున్నా రాదు. అప్పుడు వచ్చే అంకెనే బ్లాక్ లెవెల్ లేదా ఆఫ్‌సెట్ అంటారు. ఈ సెన్సర్‌లో 12 బిట్లలో 256 దగ్గర ఉంటుంది. 10 బిట్ల ఐఎంఎక్స్ 219లో అయితే 64, ఓవీ 5647లో 16. నాయిస్ (అంకెల్లో అడ్డదిడ్డంగా వచ్చే తేడా) పైకీ కిందికీ ఊగుతుంది కదా, కిందికి ఊగేదానికి చోటుండాలని కావాలనే అంత ఎత్తున పెడతారు. లెన్స్‌కి మూత పెట్టి ఒక ఫ్రేమ్ తీసి హిస్టోగ్రామ్ (ఏ విలువ ఎన్ని పిక్సెళ్లలో ఉందో చూపే గ్రాఫ్) చూడండి, 256 చుట్టూ రెండువైపులా వాలిన చిన్న గుట్ట కనిపిస్తుంది.

ఆఫ్‌సెట్‌ను మనమే మార్చుకోగల ఇంకో కెమెరా కూడా నా దగ్గర ఉంది. బాగా తగ్గిస్తే ఆ గుట్ట ఎడమ సగం సున్నా దగ్గర తెగిపోతుంది. ప్రివ్యూలో నలుపు చిక్కగా ముచ్చటగానే ఉంటుంది, కానీ పోయిన డేటా ఇక రాదు. ఎన్ని ఫ్రేములు కలిపి సగటు తీసినా చీకటి అసలుకన్నా వెలుగ్గానే తేలుతుంది. అందుకే సెన్సర్‌లో ఆఫ్‌సెట్ ఉండనివ్వండి, దాని తీసివేత సాఫ్ట్‌వేర్‌లో చెయ్యండి.

అక్కడ అంకె తప్పితే మాత్రం రంగులు చెడతాయి. 10 తక్కువ తీశామనుకోండి. వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనిపించేలా రంగులు సరిచేసే దశ) ఎరుపునీ నీలాన్నీ రెండింతలు చేస్తే ఆ 10 కాస్తా 20 అవుతుంది, ఆకుపచ్చలో 10గానే ఉంటుంది. నల్లబట్ట మడతలు వంగపండు రంగుకి తిరుగుతాయి. ఎక్కువ తీసేస్తే పచ్చబడతాయి.

లిబ్‌కెమెరా (రాస్‌బెర్రీ పై కెమెరాలను నడిపే సాఫ్ట్‌వేర్) ట్యూనింగ్ ఫైల్లో 4096 అని చూసి కంగారు పడకండి, 16 బిట్ల లెక్కలో మన 256 అదే. ఫ్రేమ్ మెటాడేటాలో నాలుగు చానెళ్ల విలువలూ విడివిడిగా ఇవ్వడం నాకు బాగా నచ్చింది. మామూలు ఎక్స్‌పోజర్లకు ఆ అంకెను ముట్టుకునే అవసరమే రాలేదు.

బ్లాక్ లెవెల్ ఆటో సవరణ ఉన్న సెన్సర్లలో దాన్ని ఆన్‌లోనే ఉంచుతాను. అంచున మూసి ఉంచిన పిక్సెళ్లను చదివి, వేడికి పెరిగే డార్క్ కరెంట్‌ను (వెలుగు లేకున్నా పిక్సెళ్లలో పుట్టే సిగ్నల్‌ను) అది సర్దుకుంటుంది. టైమ్‌ల్యాప్స్‌లో గెయిన్ (సిగ్నల్‌ను ఎన్ని రెట్లు పెంచాలన్న సెట్టింగ్) మారినప్పుడు నీడలు మిణుకుమనేవి, గెయిన్ లాక్ చేశాక ఆగింది.

దీర్ఘ ఎక్స్‌పోజర్లకు ఒక్క అంకె చాలదు. అదే గెయిన్‌తో, అంతే సమయానికి, అదే వేడిలో డార్క్ ఫ్రేములు (లెన్స్‌కి మూత పెట్టి తీసినవి) తీసి వాటి సగటును తీసివేయాలి. వాటిలో బ్లాక్ లెవెల్ కలిసే ఉంటుంది, ఆపైన మళ్లీ 256 తీసెయ్యకండి.