కాకి నల్లగా ఉండదు: పన్నెండు బిళ్లల వాటర్ కలర్ డబ్బాతో ఒక ఏడాది

డబ్బా చేతికొచ్చిన సాయంత్రమే కాకిని వేశాను. కాకి అయితే సులువు కదా అనుకున్నాను. నల్ల బిళ్ల ఉంది, బ్రష్ ఉంది, ఎదురుగా గోడ మీద కాకి కూడా ఉంది. పది నిమిషాల్లో పని అయిపోయింది. మా అక్క కొడుకు వచ్చి చూసి, "పిన్నీ, కాగితానికి చిల్లు పడిందా?" అన్నాడు. వాడికి తొమ్మిదేళ్లు, మనసులో ఏమీ పెట్టుకుని అనడు. తీరా చూస్తే వాడన్నదే నిజం. తెల్ల కాగితంలో ఎవరో కాకి ఆకారంలో కన్నం కోసినట్టుంది.

నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. గుండె నిలువుకోత, మందార పువ్వు భాగాలు, బోర్డు మీద సుద్దముక్కతో కళ్లు మూసుకుని వేసేస్తాను. గీత వచ్చు, రంగు మాత్రం రాదు. పిట్టలనీ చెట్లనీ ఉన్నచోటే కూర్చుని రంగుల్లో వేయాలని ఎన్నాళ్లుగానో కోరిక. అందుకే చేతిసంచిలో పట్టే ఈ రేకు డబ్బా కొన్నాను. కంపెనీ పేరు చెప్పను. వాళ్లతో నాకో చిన్న తగాదా ఉంది, దాని సంగతి తర్వాత. ఇలాంటి డబ్బా ఎవరిది కొన్నా చూసుకోవాల్సినవి దాదాపు ఇవే కాబట్టి పేరుతో పెద్దగా పని లేదు.

లోపల పన్నెండు హాఫ్ పాన్‌లు, అంటే చిన్న ప్లాస్టిక్ తొట్లలో పోసి ఆరబెట్టిన రంగు బిళ్లలు. నిమ్మపసుపు, ముదురు పసుపు, యెల్లో ఓకర్ (మట్టి పసుపు), ఎరుపు, గులాబీ, బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమరంగు), అల్ట్రామెరైన్ (ముదురు నీలం), ప్రష్యన్ బ్లూ, రెండు ఆకుపచ్చలు, నలుపు, తెలుపు. వీటితోపాటు పిడిలో నీళ్లు నింపుకునే వాటర్ బ్రష్ ఒకటి, అరచేతంత కాగితాల పుస్తకం ఒకటి ఇచ్చారు. మూత తెరిస్తే అదే పాలెట్. అడుగున వేలికి తగిలించుకునే ఉంగరం ఉంది. నిలబడి వేసేటప్పుడు ఆ ఉంగరం ఎంత ఉపయోగమో చెప్పలేను.

ముందు ఆకుపచ్చల గురించి చెప్పాలి, నా గొడవంతా వాటితోనే. ఒక బిళ్ల మీద విరిడియన్ అని ఉంది, కానీ అది విరిడియన్ కాదు. అట్ట వెనక చిన్న అక్షరాల్లో పీజీ7 అని, లోపలి రంగు పదార్థం ఏదో చెప్పే కోడ్ ఉంది, అంటే థాలో గ్రీన్. అసలు విరిడియన్ కోడ్ పీజీ18, అది క్రోమియంతో చేసే రంగు. మోసం అనను, ఈ అలవాటు చాలామందికి ఉంది. కాకపోతే పేరు కాకుండా కోడ్ చూసి కొనాలని నాకు తెలిసింది అప్పుడే. ఈ థాలోలో ఒక తమాషా ఉంది, టీచర్ని కాబట్టి చెప్పకుండా ఉండలేను. క్లోరోఫిల్ అణువు మధ్యలో మెగ్నీషియం ఉంటుంది, థాలో అణువు మధ్యలో రాగి ఉంటుంది. ఆ లోహం చుట్టూ ఉండే వలయాలు మాత్రం రెండింటిలోనూ దాయాదుల్లా ఉంటాయి. అంత దగ్గరి చుట్టరికం ఉండి కూడా ఈ రంగు నేను చూసిన ఏ ఆకులోనూ లేదు! కాగితం మీద పెడితే ప్లాస్టిక్ బకెట్ గుర్తొస్తుంది. రెండోది శాప్ గ్రీన్. కొంచెం నయం, కానీ చెట్టంతా దాంతోనే వేస్తే చెట్టు కాదు, చెట్టు బొమ్మ ఉన్న స్టిక్కర్ అవుతుంది.

ఒక ఆదివారం పొద్దున నేల మీద బోర్లా పడుకుని గడ్డిని చూశాను. నవ్వకండి, నిజంగానే పడుకున్నాను. ఒకే గడ్డిపరక. ఆకాశం వైపు వంగిన భాగం ఆకుపచ్చగా లేదు, నీలం కలిసిన బూడిద రంగులో మెరుస్తోంది. ఆకు నునుపు మీద ఆకాశం ప్రతిఫలిస్తోంది మరి. వెనక నుంచి ఎండ తగిలిన చోట పసుపు వెలుగు. మొదట్లో మట్టి అంటిన దగ్గర పాలతెలుపు, దానిపైన కాస్త గోధుమరంగు. కొస ఎండిపోయి ఓకర్. ఒక్క పరకలో నాలుగైదు రంగులుంటే అందులో డబ్బా ఆకుపచ్చ ఒక్కటీ లేదు. డ్యూరర్ అనే జర్మన్ చిత్రకారుడు 1503లోనే ఇలాంటి ఒక గడ్డి పెళ్లను వాటర్ కలర్లో వేశాడు. రాజూ లేడు, దేవుడూ లేడు, గడ్డి పోచలూ, ముడుచుకున్న డాండెలియన్ మొగ్గలూ, మట్టీ, అంతే. దాన్ని చూసేవాడి కన్ను నేల మట్టానికి దించేస్తాడు. ఆ బొమ్మ ప్రింటు ముందు పెట్టుకుని లెక్కపెట్టబోయాను, ఎన్ని ఆకుపచ్చలో. మధ్యలో లెక్క తప్పింది.

ఆ రోజు నుంచి రెండు ఆకుపచ్చలనీ పక్కన పెట్టి కలుపుకోవడం మొదలుపెట్టాను. నిమ్మపసుపులో అల్ట్రామెరైన్ కలిపితే ఎండలో ఉన్న ఆకు వస్తుంది. ఓకర్‌లో ప్రష్యన్ బ్లూ కలిపితే నీడలో ఉన్న పాత ఆకు వస్తుంది. దేన్నైనా కాస్త అణచాలంటే బర్న్ట్ సియెన్నా ఒక చుక్క చాలు. అన్నిటికన్నా ఆశ్చర్యం నిమ్మపసుపులో నలుపు కలిపినప్పుడు కలిగింది. బురదగా అవుతుందనుకుంటే చక్కటి ముదురు ఆలివ్ ఆకుపచ్చ వచ్చింది. కాకికి పనికిరాని నలుపు ఆకుకి పనికొచ్చింది.

మరి కాకి సంగతి? అల్ట్రామెరైన్, బర్న్ట్ సియెన్నా రెండూ చిక్కగా తీసుకుని, పాలెట్ మీద పూర్తిగా కలపకుండా కాగితం మీదే కలవనివ్వాలి. ఒకచోట నీలం పైచేయి, ఒకచోట గోధుమ పైచేయి అవుతుంది. వీపు మీద ఆకాశం మెరిసే చోట పల్చటి నీలం వదిలేయాలి. కాకిని ఒకసారి దగ్గరగా చూడండి, ఎండలో రెక్క మీద ఊదా, నీలం కనబడతాయి, నలుపు మిగిలేది రెక్క మడతల్లోనే. ఆరో కాకిని చూసి మావాడు "ఇది ఎగురుతుందా?" అని అడిగాడు. నాకు అంతకన్నా సర్టిఫికెట్ అక్కర్లేదు.

తెలుపు బిళ్ల కొత్తగా కొన్నప్పుడు ఎంత ఉందో ఇప్పుడూ అంతే ఉంది. కొంగను వేయడానికి ఒకసారి వాడాను, సున్నం కొట్టినట్టు వచ్చింది. వాటర్ కలర్లో తెలుపంటే కాగితమే. కొంగను వేయకూడదు, కొంగ వెనక ఉన్న జమ్మునీ, నీటి నీడనీ ముదురుగా వేసుకుంటూ పోవాలి. చివరికి ఏమీ వేయని చోట కొంగ నిలబడి ఉంటుంది. మొదటిసారి అది జరిగినప్పుడు నేనే నమ్మలేదు. కొంగతో ఇంకో తంటా ఉంది. కాళ్ల దగ్గర మొదలుపెడితే మెడ సగం వచ్చేసరికి కాగితం అయిపోతుంది. ఈ తిప్పలు పిట్టల బొమ్మలు వేసిన ఆడుబాన్‌కీ తప్పలేదు. అమెరికా పిట్టలన్నిటినీ నిలువెత్తున అచ్చు వేయాలని 1827 నుంచి 1838 దాకా 435 ప్లేట్లు తెచ్చాడాయన. ఒక్కో కాగితం దాదాపు మీటరు పొడవు, అయినా ఫ్లెమింగో పట్టలేదు. దాని మెడను కిందికి వంచేసి ఇరికించాడు. ఇప్పుడు ఆ బొమ్మ చూస్తే ఇరికించినట్టే ఉండదు, నీళ్లలోకి వంగుతున్నట్టుంటుంది. నా అరచేతి పుస్తకంలో కొంగలు కూడా ఈమధ్య తెగ వంగుతున్నాయి.

లకుముకి పిట్ట మాత్రం రాలేదు. ఏడాదిలో పదకొండు సార్లు ప్రయత్నించాను. దాని ఈకలో నీలం రంగు పదార్థమే లేదు. ఈకలోని అతి సన్నటి నిర్మాణం వెలుగును చెదరగొట్టడం వల్ల మనకు నీలంగా కనబడుతుంది. వెలుగు పడే తీరును బట్టి ఆ నీలం మారినట్టు కనబడుతుంది. ఆ మెరుపు బిళ్లలో ఎక్కడి నుంచి వస్తుంది? ప్రష్యన్ బ్లూ పల్చగా పూసి మధ్యలో సన్నటి తెల్ల గీత వదిలితే కాస్త దగ్గరకొచ్చినట్టుంటుంది. ఇది డబ్బా తప్పు కాదు, స్టార్లు తగ్గించను.

డబ్బాలో నూటికి నూరు మార్కులు అల్ట్రామెరైన్‌కే. ఒకప్పుడు అఫ్గానిస్తాన్ గనుల్లోంచి వచ్చే లాజవర్దం అనే నీలి రాయిని నూరి చేసేవారు, 1820ల చివర్లో ఫ్యాక్టరీలో తయారుచేయడం కనిపెట్టాక అందరికీ అందింది. దీని రేణువులు కాగితం గుంటల్లో దిగి గింజగింజగా కనబడతాయి. దూరపు కొండలకు అదే కావాలి. దూరం పెరిగేకొద్దీ కొండ నీలంగా, పల్చగా, అంచులు కరిగినట్టుగా కనబడుతుందని లియొనార్డో డావిన్సీ తన నోటు పుస్తకాల్లో రాసుకున్నాడు. మధ్యలో ఉన్న గాలే దానికి కారణం. కాగితం తడిపి, అన్నిటికన్నా వెనక కొండకు నీళ్లలాంటి అల్ట్రామెరైన్, ఆరాక దాని ముందు కొండకు కొంచెం చిక్కగా, దగ్గరి కొండకు సియెన్నా కలిపి. మూడు పూతలతో మైళ్ల దూరం వచ్చేస్తుంది. బొమ్మలు రావనుకునేవాళ్లు ఇక్కడ మొదలుపెట్టండి, చాలా ధైర్యం వస్తుంది.

ఇక తగాదా. కాన్‌స్టబుల్ అనే ఇంగ్లిష్ చిత్రకారుడు 1821, 1822లలో ఒట్టి మబ్బుల్నే పదుల కొద్దీ వేసి, చాలావాటి వెనక తేదీ, వేళ, గాలి ఎటు వీస్తోందో రాసుకున్నాడు. ఆ అలవాటు నచ్చి నేనూ మొదలుపెట్టాను. గోడకు తగిలించిన ఒక తెల్లవారుజాము బొమ్మను దుమ్ము దులపడానికి తీసి వెనక్కి తిప్పాను. "ఉదయం 5:50, తూర్పున గులాబీ మబ్బు" అని ఉంది నా రాతలో. ముందుకు తిప్పితే మబ్బు ఉంది, గులాబీ లేదు. ఎనిమిది నెలల్లో బూడిదైపోయింది. నాకే మతిమరుపేమో అనుకుని పరీక్ష పెట్టాను. పన్నెండు రంగులూ ఒక చీటీ మీద పూసి, సగం అట్టతో కప్పి, కిటికీ అద్దానికి పది వారాలు అంటించాను. పదకొండు రంగులకు చెప్పుకోదగ్గ తేడా లేదు. గులాబీ మాత్రం అట్ట కింద గులాబీ, బయట దాదాపు కాగితం.

అట్ట మీద చూస్తే అన్నిటికీ కోడ్ ఉంది, ఆ ఒక్కదానికే లేదు. పైన మాత్రం "లైట్‌ఫాస్ట్ రంగులు", అంటే వెలుగుకి వెలిసిపోని రంగులు, అని పెద్ద అక్షరాలు. కంపెనీకి ఫోటోలు పెట్టి మెయిల్ చేశాను. మూడు వారాలకు జవాబొచ్చింది, బొమ్మలను నేరుగా ఎండలో ఉంచకూడదట. నా గోడకు ఎండ తగలదని రాశాను. దానికి జవాబు లేదు. చిత్రకారుడు వాన్ గో 1888లో వేసిన తన పడకగది బొమ్మలో గోడలు మొదట లేత ఊదా, అందులోని ఎరుపు వెలిసిపోయి ఇప్పుడు నీలంగా కనిపిస్తున్నాయి. అంతటివాడికి జరిగింది, నీకేంటి అని సర్దిచెప్పుకోవచ్చు. కానీ ఆయన డబ్బా మీద లైట్‌ఫాస్ట్ అని రాసి ఉండదుగా.

మిగతావి చకచకా చెప్పేస్తాను. వాటర్ బ్రష్ కొంగ కాళ్లకు బాగుంటుంది, ఆకాశానికి దండగ. కాస్త గట్టిగా నొక్కితే టప్పుమని నీటి బొట్టు పడి పూతంతా కాలీఫ్లవర్‌లా విరుస్తుంది. మామూలు ఎనిమిదో నంబరు గుండ్రటి బ్రష్ ఒకటి వేరే తీసుకోండి. ఇచ్చిన కాగితాల పుస్తకం పెన్సిల్‌కి వాడండి. తడి తగలగానే అప్పడంలా ముడుచుకుంటుంది, రెండోసారి బ్రష్ తగిలితే నూగు లేస్తుంది. 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు), నూలుతో చేసిన కాగితం కొంటేనే ఈ రంగుల అసలు గుణం తెలుస్తుంది. రంగులో రాజీపడినా కాగితంలో రాజీపడొద్దు. డబ్బాను తడిగా మూసేయకండి. నేను ముసురు రోజుల్లో అలా చేసి ఓకర్ మీద బూజు పెంచాను, పిల్లలకు మైక్రోస్కోప్‌లో చూపించడానికి పనికొచ్చిందనుకోండి. అరగంట తెరిచి పెట్టి ఆరాక మూస్తే సరిపోతుంది.

ఐదుకి మూడున్నర ఇస్తున్నాను. గులాబీకి కోడ్ వేసి ఉంటే నాలుగు ఇచ్చేదాన్ని. ఇప్పుడు బిళ్లలు విడిగా దొరుకుతున్నాయి కాబట్టి గులాబీ పీకేసి ఆ గడిలో పీవీ19 అనే కోడ్ ఉన్న గులాబీ పెట్టుకున్నాను, కిటికీ పరీక్షలో అది నిలబడింది. థాలో ఆకుపచ్చ గడిలో రెండో బర్న్ట్ సియెన్నా పెట్టాను, మొదటిది అడుగంటింది. తీసేసిన ఆకుపచ్చ బిళ్ల మా అక్క కొడుకు పట్టుకెళ్లాడు. వాడు దాంతో డైనోసార్లు వేస్తున్నాడు. డైనోసార్ అసలు రంగు ఇది కాదని నేనెలా అంటాను?