చలి చివర్లో కొండెక్కాలంటే దేవమాలి మేలా, మహేంద్రగిరి మేలా?

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందంటారు. ఒడిశాలోని మా పర్లాకిమిడి వీధుల్లో అది నిజమే. కొండ మీద మాత్రం ఇంకొన్నాళ్లు ఉంటుంది. ఫిబ్రవరి వస్తే ఇక్కడి మన తెలుగువాళ్లు అడిగేది ఒకటే: కోరాపుట్ జిల్లా దేవమాలికి వెళ్లాలా, మన గజపతి జిల్లాలోని మహేంద్రగిరికా?

దేవమాలి 1672 మీటర్లు, ఒడిశాలో అదే ఎత్తైన శిఖరం. మహేంద్రగిరి 1501. అసలు తేడా ఎత్తులో లేదు, కొండలున్న చోటులో ఉంది.

దేవమాలి సముద్రానికి దూరం. పైన చెట్లుండవు, అంతా గడ్డే. ఆకాశం తేటగా ఉన్న రాత్రి నేల వేడి త్వరగా పోతుంది, చల్లబడిన గాలి బరువెక్కి పల్లానికి జారుతుంది. అందుకే గాలి కదలని తెల్లవారుజామున శిఖరం కన్నా కింద ఉన్న సిమిలిగుడ ఊరి వైపే ఎక్కువ వణికించవచ్చు. పల్లమంతా పొగమంచు నిండి, దాని మీద సూర్యుడు లేచే దృశ్యం కావాలంటే దేవమాలికి సాటి లేదు. పైదాకా రోడ్డుంది కాబట్టి పెద్దవాళ్లనూ తీసుకెళ్లొచ్చు. కానీ గాలి మొదలైతే స్వెట్టర్ చాలదు, గాలిని ఆపే జాకెట్ కావాలి. మంచుకు తడిసిన గడ్డి మీద అరిగిన చెప్పులు జారతాయి. ఎండెక్కాక నిలబడ్డానికి నీడ దొరకదు.

మహేంద్రగిరికి బంగాళాఖాతం దగ్గర. తేమ వల్ల రాత్రి చలి అంతగా కోయదు, దారిలో అడవి నీడ ఉంటుంది. చిక్కల్లా మబ్బుతోనే. సముద్రపు గాలి వాలు ఎక్కుతూ చల్లబడి, చూస్తుండగానే మబ్బై కమ్మేస్తుంది. కొండ మీద భీముడి గుడికి పేర్చిన పెద్ద పెద్ద బండలు కూడా కాసేపు కనబడవు. దారి తెలిసిన ఊరివాళ్లు తోడుండాలి. శివరాత్రి జాగారానికి చాలామంది పల్చటి చొక్కాలతోనే ఎక్కేస్తారు. కింద కన్నా పైన దాదాపు 8 డిగ్రీలు తక్కువుంటుంది. పిల్లలకు మంకీ క్యాప్, శాలువా తప్పనిసరి.

నా మాట అడిగితే, ఫిబ్రవరి మొదట్లో సూర్యోదయం కోసం దేవమాలి. శివరాత్రి దాటాక, రోజంతా నడవాలనుకునేవాళ్లకు మహేంద్రగిరే. అప్పటికి దేవమాలి గడ్డి ఎండిపోతుంది, చుట్టుపక్కల పోడు పొగలు మొదలైతే దూరపు కొండలు ఆనవు. ఎండిన గడ్డిలో బీడీ ముక్క కూడా పడేయకూడదు. మార్చిలో మధ్యాహ్నం పూట ఉరుముల వానలు మొదలవుతాయి. ఉరుము వినబడిందంటే, ఏ కొండైనా సరే, శిఖరం దిగిపోవాలి. చెట్టు లేని దేవమాలి మీదైతే ఒక్క నిమిషం కూడా ఆగొద్దు.